హైదరాబాదు ఎన్ని ఐసుల దూరం

విజయవాడ నుంచి హైదరాబాదుకి విమానంలో ముప్పావుగంట అని చెప్పేవాళ్ళందరూ ఒకే అబద్ధాన్ని ఒకే తీరుగా చెబుతారు. చెప్పేటప్పుడు చిటిక కూడా వేస్తారు. ఇలా కూర్చున్నామో లేదో అలా దిగమన్నారండీ అంటారు. వినేవాళ్ళు నోరు తెరుస్తారు. అరచేతిలో వైకుంఠం చూపించేవాడికి కూడా అంత మర్యాద దొరకదు. నేను మొన్న మాఘమాసంలో వెళ్ళొచ్చాను. చేతిగడియారం చూసుకుంటూ, నోటుపుస్తకంలో నిమిషాలు రాసుకుంటూ వెళ్ళొచ్చాను. కనుక ఈ విషయంలో నాతో వాదం పెట్టుకోదలిచినవాళ్ళు ముందు వాళ్ళ నోటుపుస్తకం తెచ్చుకోవాలి.

మా ఇంట్లో ఈ అబద్ధానికి పెద్దదిక్కు మావారే. ఆయన వకీలు. రెండేళ్ళ క్రితం ఎవరో కక్షిదారు పుణ్యమా అని ఒకసారి విమానం ఎక్కారు. గవర్నర్‌పేటలో మా వీధివాళ్ళ దగ్గర ఆ విమానం ఇంకా దిగలేదు. నేను ఆడపిల్లల కాలేజీలో భూగోళం చెబుతాను. ఇంటరు పిల్లలకి కొత్త పాఠ్యపుస్తకం రాసే సంఘంలో నన్ను కూడా వేశారు. రవాణా పాఠం నా వంతుకి వచ్చింది. అందులో ఒక పట్టిక ఉంది. విజయవాడ నుంచి హైదరాబాదుకి బస్సులో ఇన్ని గంటలు, రైల్లో ఇన్ని గంటలు, విమానంలో ముప్పావుగంట. ఆ చివరి గడి నేను కొట్టేశాను. సంఘం అధ్యక్షులవారు మళ్ళీ రాశారు. నేను మళ్ళీ కొట్టేశాను.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒకసారి ఎక్కి చూసి, అప్పుడు మాట్లాడు," అన్నారు మావారు.

సంఘం సమావేశం ఎలాగూ హైదరాబాదులోనే, మధ్యాహ్నం రెండు గంటలకి. టిక్కెట్టు ఆయనే కొనుక్కొచ్చారు, గెలుపు తనదేనన్న ధీమాతో. నేను పెట్టిన షరతు ఒకటే. ప్రయాణమంటే గొళ్ళెం నుంచి గొళ్ళెం దాకా. ఇక్కడ తలుపు గొళ్ళెం పెట్టిన నిమిషం నుంచి, అక్కడ చేరవలసిన తలుపు గొళ్ళెం తీసిన నిమిషం దాకా. మధ్యలో గాలిలో ఎంతసేపున్నామన్నది, పెళ్ళి ఎంతసేపు జరిగిందంటే తాళి కట్టిన క్షణం చెప్పినట్టు ఉంటుంది.

చల్లపల్లి

నా గొళ్ళెం చల్లపల్లిలో పడింది. మా చెల్లెలు సుశీల కొత్త ఇంటికి గచ్చు వేయిస్తూ, వచ్చి చూసి, వంకలుంటే పేరు పెట్టి పొమ్మంది. పేర్లు పెట్టడంలో నాకు మంచి పేరుంది. రెండు రోజులుండి గచ్చు వాలు వంటింటి వైపుకి ఉందని తేల్చి, మూడోనాడు తెల్లవారుజామున నాలుగూ పదికి బయలుదేరాను. సంచీలో సమావేశం కాగితాలు, సుశీల కట్టిచ్చిన సున్నుండలు, అక్కడ కట్టుకోవడానికి మడత విప్పని మంగళగిరి చీర. నీలం రంగు, సన్న జరీ అంచు. ఈ చీర సంగతి గుర్తుపెట్టుకోండి.

నాగాయలంక నుంచి వచ్చే మొదటి బస్సు నాలుగూ నలభైకి వచ్చింది. పైన రెండు వెదురుగంపలు తాళ్ళతో కట్టి ఉన్నాయి. వాటినుంచి నీళ్ళు ధారగా కారి కిటికీల మీద పడుతున్నాయి. గంపల యజమానురాలు వెనక సీటులో ఉంది. ఆవిడ పక్క చోటు ఖాళీ, కారణం వాసన. నేను అక్కడే కూర్చున్నాను. ముందున్న రైతు కండువాని ముక్కు చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని, ఆ కండువా సందులోంచి చుట్ట కాలుస్తున్నాడు. చేపల వాసన పడదట, చుట్ట వాసన పడుతుందట. ఆయనని ఎక్కడ దిగుతారని అడిగితే, ఇంకో చుట్ట దూరమండీ అన్నాడు. మా కృష్ణాజిల్లాలో దూరం అడిగితే దూరం చెప్పినవాడు లేడు. చుట్టలు చెబుతారు, పావుగంటలు చెబుతారు, పాలు పితికే వేళకి చేరతారని చెబుతారు. ఇలాంటి చోట భూగోళం చెప్పి బతకడమంటే మాటలు కాదు.

గంపలావిడ పేరు నాంచారమ్మ. వయసు నాకంటే అయిదారేళ్ళు పెద్ద ఉండొచ్చు. మెడలో పగడాలపేరు, చేతిలో తాళపు చెవులగుత్తి, ఒళ్ళో మడిచిన పాత నూలుచీర. పడవ దిగిన సరుకు వేలంలో పాట పాడి కొని బెజవాడ, ఏలూరు, కలకత్తా పంపిస్తుందట. ఎందాకా అని అడిగాను.

"హైదరాబాదండి."

బెజవాడలో రైలు ఎన్నింటికి అన్నాను.

"రైలు కాదండి అమ్మగారూ. ఇమానం."

బస్సులో సగంమంది వెనక్కి తిరిగారు. చుట్టాయన కండువా కిందికి జారింది.

కథ ఇదీ. హైదరాబాదులో ఒక పెద్ద హోటలు వాళ్ళకి ఆవిడ రెండేళ్ళుగా రైల్లో రొయ్యలు పంపుతోంది. తీరా చేరేసరికి రొయ్య తల నల్లబడుతోంది. తల నల్లబడిన రొయ్యని అక్కడి వంటమేస్త్రి సగం ధరకి తీసుకుంటాడు, లేకపోతే తిప్పి పంపుతాడు. ఈ మధ్య ఆయన ఒక కబురు చేశాడు. తల తెల్లగా ఉన్న సరుకు ఒక్కసారి తెచ్చి కళ్ళకి చూపించు, ఏడాది పొడుగునా నీ దగ్గరే తీసుకుంటాం, విమానం కిరాయి కూడా మేమే భరిస్తాం అని. అందుకని ఆవిడ ఈసారి తానే గంపలు పట్టుకుని బయలుదేరింది. ఈ ఒక్క ప్రయాణంలో రొయ్య తల తెల్లగా చేరిందా, ఆవిడ వ్యాపారం నిలబడినట్టు. లేదా, హైదరాబాదు మాట ఇక మరిచిపోవాల్సిందే.

రైల్లో అంత ఐసు వేసినా ఎందుకు నల్లబడుతుందని అడిగాను. మొద్దుపిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పింది. గంపలో ఒకసారి ఐసు దట్టిస్తే రొయ్య ఎంతసేపు నిలుస్తుందో అది ఒక ఐసు. ఎండల్లో ఐసు చిన్నది, చలిలో ఐసు పెద్దది. నాగాయలంక నుంచి బెజవాడ అర ఐసు. ఏలూరు ముప్పాతిక ఐసు. కలకత్తా అయిదు ఐసులు, కాని దారిపొడుగునా స్టేషన్లలో ఐసు మార్చే మనుషులున్నారు. హైదరాబాదు రైల్లో రెండు ఐసులు. ఆ రెండో ఐసు కాజీపేటలో పడాలి. అక్కడ వేసే నాథుడు లేడు.

"మైళ్ళలో ఎంత?" అన్నాను, వృత్తిధర్మం వదలలేక.

"మైళ్ళు రొయ్యకి తెలవ్వండి," అంది.

నేను పాతికేళ్ళుగా పిల్లలకి నేర్పలేకపోయిన సంగతి అది. దూరం గీత కాదు, ఆ గీత మీద పోయే వస్తువుని బట్టి ఉంటుంది. అయినా ఒప్పుకోవడం నా స్వభావంలో లేదు కనుక విమానానికి ఎన్ని ఐసులు వేశావని అడిగాను.

"ముప్పావుగంటంట గదండీ. దానికి ఐసెందుకు? బెజవాడ దాకా అర ఐసు ఏశాను. ఆ మిగిలిన చెమ్మతోటి చేరిపోద్ది."

చూశారా, చిటికలు వేసే మనుషుల వల్ల ఎంత నష్టమో. ఉయ్యూరులో ఫ్యాక్టరీకి పోయే చెరకుబళ్ళు అడ్డం పడి బస్సు ఇరవై నిమిషాలు ఆగిపోయింది. ఆ ఇరవై నిమిషాల్లో వేయించిన వేరుశనక్కాయలు పది పైసలకి పొట్లం కొని, ఒక్కొక్క కాయా ఒలుస్తూ నాంచారమ్మకి గొళ్ళెం లెక్క చెప్పాను. బెజవాడలో విమానాలవాళ్ళ ఆఫీసుకి చేరడానికి ఇంత. అక్కడ కూర్చోబెట్టేది ఇంత. వాళ్ళ బస్సులో గన్నవరం ఇంత. అక్కడ మళ్ళీ కూర్చోబెట్టేది ఇంత. బేగంపేటలో దిగాక ఇంత. కాయలు అయిపోయాయి కాని గంటలు అయిపోలేదు. నాంచారమ్మ ముఖం పాలిపోయింది.

"మరి అందరూ ముప్పావుగంటే అంటారేవండీ?"

"అందరూ మావారిలాంటివాళ్ళే," అన్నాను. బెజవాడలో దిగగానే రెండు గంపలకీ నిండా ఐసు వేయించమని చెప్పాను. చెప్పడమేమిటి, ఒట్టు పెట్టించినంత పని చేశాను.

గవర్నర్‌పేట

ఏడుంబావుకి బస్సు దిగాం. రెండు రిక్షాలు మాట్లాడుకుని, ఒకదాంట్లో గంపలు, ఒకదాంట్లో మేం, ఐసు అమ్మేచోటికి వెళ్ళాం. దిమ్మ కొట్టించి, రంపపుపొట్టు కడిగించి, గంపలు అంచుల దాకా నింపించాను. పక్కనుండి నేనే చేయించాను. చేసేవాడికి చేసేది నేర్పడం నాకు కొత్త కాదు.

అక్కడినుంచి పెసరట్టు ఉప్మా. ఈ మాట హైదరాబాదు పాఠకులకి చెబుతున్నాను: మీ ఊళ్ళో పెసరట్టు పేరుతో పెట్టేది పెసరట్టు కాదు, పచ్చ రంగు దోసె. మా గవర్నర్‌పేటలో అట్టు అంచు విరిస్తే చప్పుడవ్వాలి, మధ్యలో ఉప్మా పొగలు కక్కాలి, అల్లం పచ్చడికి కళ్ళల్లో నీళ్ళు రావాలి. కాఫీతో కలిపి ఇద్దరికీ రెండు రూపాయలు కాలేదు. నాంచారమ్మ సగం తిని ఆపేసింది. గంపలని రిక్షాలో ఎండ తగలకుండా నిలబెట్టి వచ్చాం, ఆవిడ కళ్ళు అక్కడే ఉన్నాయి.

విమానాలవాళ్ళ ఆఫీసు ముందు మావారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు, ఎక్కేది తానే అయినట్టు. నాంచారమ్మని పరిచయం చేశాను. ఆయన గంపల వైపు చూసి, చిటిక వేసి, "ఇంకేం, ముప్పావుగంట," అన్నారు.

నాంచారమ్మ ఆయనని ఎగాదిగా చూసింది. "తమరేనాండీ ఆ బాబుగారు?" అంది. ఆయనకి అర్థం కాలేదు. నేను విడమరచలేదు.

ఎనిమిదీ ముప్పావుకి వాళ్ళ బస్సు కదిలింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎవరూ చెప్పరు కనుక. హైదరాబాదు మాకు పడమర. గన్నవరం మాకు తూర్పు. అంటే హైదరాబాదు త్వరగా చేర్చడానికి మమ్మల్ని ముందు హైదరాబాదుకి పన్నెండు మైళ్ళు దూరంగా తీసుకుపోతారు. దీనికి నలభై నిమిషాలు. ఈ పన్నెండు మైళ్ళనీ ఏ పట్టికలోనూ ఎవరూ వేయరు.

గన్నవరం

తొమ్మిదీ ఇరవై అయిదు. విమానం పదీ ఇరవైకి. గంపలు తూకం మీద పెట్టగానే తూకం కింద మడుగు కట్టింది. అక్కడి ఉద్యోగి కుర్ర వయసువాడు, మెడలో టై, మాటలో మర్యాద. ఇది కారుతోంది మేడమ్, విమానంలోకి రాదు అన్నాడు.

నేను ముందుకి వచ్చాను. ఐసు ఘనపదార్థమని, ద్రవాలు తీసుకోబోమని వాళ్ళ కాగితంలో ఉన్నా ఘనపదార్థాల ఊసు లేదని చెప్పాను. మరి ఈ కారేది ఏమిటి మేడమ్ అన్నాడు. మీరు నన్ను మాట్లాడిస్తూ నిలబెట్టినందువల్ల కరిగింది అన్నాను. హైదరాబాదు చేరేలోపల ఇంకా కరుగుతుంది కదా అన్నాడు.

"ముప్పావుగంటే కదండీ. ముప్పావుగంటలో ఎంత కరుగుతుంది?" అన్నాను.

అన్నాక గాని నాకు తెలియలేదు ఏమన్నానో. ఏ మాటని అబద్ధమని రెండుసార్లు ఎర్రసిరాతో కొట్టేశానో, ఆ మాటనే సాక్ష్యానికి పిలిచాను. మావారు అక్కడ లేకపోవడం నా అదృష్టం.

ఆ అబ్బాయి ఇబ్బందిగా గోడ గడియారం వైపు చూశాడు. "విమానం ఇంకా రాలేదు మేడమ్. గంట పైన ఆలస్యం అవుతుంది."

వాదనలో నేను ఓడిపోవడం అరుదు. ఓడినవి ఎందుకు ఓడానో గుర్తుంటాయి. ఇది మాత్రం ఎప్పటికీ గుర్తుంటుంది, తర్వాత నాంచారమ్మ అన్న మాట వల్ల. ఆవిడ నన్ను మెల్లిగా మోచేయి పట్టుకుని పక్కకి తీసుకొచ్చింది.

"మీరు ఊరుకోండి అమ్మగారూ. మీరు చెప్పకపోతే నేను ఐసు ఏసేదాన్నే కాదు. తడి గంపని ఆయన చూసేవాడే కాదు."

కోపంతో అనలేదు. బస్సులో ఐసు లెక్క చెప్పిన గొంతుతోనే అంది. నిజమే, తప్పు నాదే అన్నాను. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యాన్ని రెండోసారి చదువుకోవచ్చు.

ఆవిడ గంపలు రెండూ బయటికి లాగించి, కంచె పక్కన గడ్డి మీద ఐసంతా బోర్లించింది. మాఘమాసపు ఎండలో ఆ తెల్లటి కుప్ప మెరుస్తుంటే, సామాన్లు మోసే మనుషులు తలో ముక్కా నోట్లో వేసుకున్నారు. వేసుకుని ఉమ్మేశారు, రొయ్య వాసనకి. కంచె అవతల ఇంటివాళ్ళ పెరట్లో అరటిచెట్లున్నాయి. రెండు ఆకులు అడిగి కోయించుకుంది. గంప అడుగున ఆకు పరిచి, రొయ్యలన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి పేర్చి, పైన తడిగుడ్డ కప్పాలి. గుడ్డ బాగా తడవాలి, కాని పిండితే చుక్క రాకూడదు. ఒక గంపకి ఒళ్ళోని నూలుచీర సరిపోయింది. రెండో గంప ముందు కూర్చుని చుట్టూ చూసింది. అడగలేదు.

నేను సంచీలోంచి మంగళగిరి చీర తీశాను.

"జరీ ఉందండీ," అంది నాంచారమ్మ, వెనక్కి తోస్తూ.

"రొయ్యలకి పెళ్ళి అనుకో," అన్నాను.

అంతసేపటి తర్వాత అప్పుడు నవ్వింది. కుళాయి దగ్గర ఆ చీర కొత్త మడతలు ఇద్దరం కలిసి విప్పి, తడిపి, చెరో కొసా పట్టుకుని పిండాం. రంగు కొంచెం దిగింది. గంపలు మళ్ళీ లోపలికి తెస్తే, ఆ అబ్బాయి గంప అడుగున అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. పొడిగా ఉంది. చీటీలు కట్టాడు. కట్టి, విమానం వచ్చేదాకా వీటిని ఉత్తరం వైపు వరండాలో నీడన పెట్టిస్తానన్నాడు. నేను అతనితో అన్నవాటిలో సగం మనసులో వెనక్కి తీసుకున్నాను. సగమే.

కాఫీ తాగాం. ఇక్కడ కాఫీ రూపాయి. గవర్నర్‌పేటలో ముప్పై అయిదు పైసలకి ఇచ్చే కాఫీ కంటే చల్లగా ఉంది. ఆ చల్లదనమేదో గంపల్లోకి వెళ్ళకూడదా అంది నాంచారమ్మ.

గాలిలో

పదకొండూ నలభైకి రెండు పంఖాల విమానం నేల వదిలింది. లోపల చిన్న సిటీబస్సంత ఉంది. ఒక అమ్మాయి పళ్ళెంలో పిప్పరమెంట్లు, దూది తెచ్చింది. దూది చెవుల్లోకి, పిప్పరమెంటు నోట్లోకి. నాంచారమ్మ రెండూ తీసుకుంది గాని, ముందు నా వైపు చూసి నేనేం చేస్తానో చూసి చేసింది. నేను కూడా ముందు సీటాయన్ని చూసి చేశానని ఆవిడకి తెలియదు.

కింద వరి కోసిన మళ్ళ మీద మినుము పచ్చగా పరుచుకుంది. కాలువలు సూదిలోంచి జారిన దారాల్లా ఉన్నాయి. నది, బ్యారేజీ, కొండ, ఇబ్రహీంపట్నం దగ్గర కొత్తగా కడుతున్న కరెంటు ఫ్యాక్టరీ. దాని గొట్టం పైనుంచి చూస్తే సగం కాల్చి నిలబెట్టిన చుట్టలా ఉంది. పొద్దున తూర్పుకి పోయి పోగొట్టుకున్న పన్నెండు మైళ్ళూ అప్పటికి తిరిగి వచ్చినట్టు. గడియారం చూసి రాసుకున్నాను.

నాంచారమ్మ కిటికీలోంచి ఎక్కువసేపు చూడలేదు. నీళ్ళు తక్కువగా ఉన్నాయంది. సముద్రం వైపునుంచి వచ్చిన మనిషికి నది తక్కువగా కనిపించడంలో వింత లేదు. ఆవిడ మనసు తోకలో ఉంది, గంపలు అక్కడ పెట్టారు. ఇంతలో ఆ అమ్మాయి ఇంగ్లీషులో, హిందీలో ఏదో చెప్పింది. ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నామని నేను తెలుగు చేశాను.

ఆవిడ ఉలిక్కిపడింది. "అయ్యో, సూర్యుడికి దగ్గరికి పోతన్నాం గదండీ. ఇంకా వేడెక్కదా?"

ఇది ప్రతి ఏడూ మొదటి సంవత్సరం క్లాసులో ఎవరో ఒక పిల్ల అడిగే ప్రశ్నే. ప్రతి ఏడూ నేను నల్లబల్ల మీద గీసి చెప్పే జవాబే. ఈ ఒక్కసారి ఆ జవాబు ఎవరికో అవసరమై చెప్పాను. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది, వెయ్యి అడుగులకి సుమారు రెండు డిగ్రీల చొప్పున. అంటే మనం గన్నవరంలో వదిలిన ఎండకంటే ఇప్పుడు బయట పదహారు డిగ్రీలు తక్కువ.

నాంచారమ్మ నోట్లో పిప్పరమెంటు ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మార్చింది.

"అయితే ఐసేసినట్టే గదండీ," అంది.

 విమానం బయట చల్లనని నాకు తెలుసు. తోకలో, రేకు గోడ ఇవతల, నా మంగళగిరి చీర కింద ఎలా ఉందో నాకు తెలియదు. తెలియదు అని క్లాసులో చెప్పినంత తేలిగ్గా ఆవిడ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను.

బేగంపేట

పన్నెండూ ముప్పై ఆరుకి చక్రాలు నేల తాకాయి. గాలిలో యాభై ఆరు నిమిషాలు. గాలిలో కూడా ముప్పావుగంట కాదు! ఈ ఒక్క అంకె కోసం నేను ఆ రోజు ఎన్ని డబ్బులు పోసినా పోసేదాన్ని.

గంపలు పన్నెండూ యాభై అయిదుకి బయటికి వచ్చాయి. నాంచారమ్మ వంగి గుడ్డ మీద చెయ్యి వేసింది.  నా చెయ్యి పట్టుకుని నా చీర మీద పెట్టింది. చల్లగా ఉంది. గన్నవరంలో పిండినప్పటి కుళాయినీళ్ళ చల్లదనం కాదు. పొద్దున చల్లపల్లిలో సుశీల కొత్త గచ్చు మీద పాదం పెట్టినప్పుడు జివ్వుమందే, అది.

టాక్సీ అబ్బాయిని ఆబిడ్స్ ఎంత దూరమని అడిగాను. "గిదేనమ్మా, దగ్గరనే," అన్నాడు. ఇక్కడ చుట్టలు కూడా లేవు, అన్నీ దగ్గరనే. ఆ దగ్గర ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

హోటలు వెనక గుమ్మంలో వంటమేస్త్రి కనిపించాడు. అరవై ఏళ్ళ మనిషి, గడ్డం తెల్లగా, చేతులు శుభ్రంగా. పై వరస వదిలేసి, గంపలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అట్టడుగు నుంచి ఒక రొయ్యని లాగాడు. వ్యాపారం తెలిసినవాడు పైది చూడడు. తల దగ్గర బొటనవేలితో నొక్కాడు, వాసన చూశాడు, వెలుతురుకి ఎత్తి పట్టాడు. ఇంకొకటి లాగాడు. రెండో గంపలోంచి ఇంకొకటి. నాంచారమ్మ తాళపు చెవులగుత్తిని గుప్పిట్లో బిగించి చప్పుడు కాకుండా పట్టుకుంది. గుమ్మంలో నేను ఆయన బొటనవేలినే చూస్తూ నిలబడ్డాను. పరీక్ష పెట్టేవాళ్ళకి పరీక్ష రాసేవాళ్ళ సంగతి ఎన్నేళ్ళకి తెలిసిందో చూడండి.

అడుగున, అంచు తగిలి నలిగిన నాలుగైదు తలలు నల్లబడ్డాయి. మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఎన్ని ఐసులు వేసినవ్?" అన్నాడు మేస్త్రి.

"ఐసు లేదండి," అంది నాంచారమ్మ.

ఆయన నమ్మలేదు. గంప వంచి చూశాడు. అరటాకు, నీలం జరీ చీర. చీరని రెండు వేళ్ళతో ఎత్తి నా వైపు చూశాడు. "వారానికి మూడుసార్లు పంపు. నువ్వు రావలసిన పని లేదు, గంప పంపితే చాలు," అన్నాడు.

నాంచారమ్మ సరేనంది. వెంటనే అనలేదు, చెవులగుత్తిని ముందు నడుముకి దోపుకుని అప్పుడంది. నా నోటుపుస్తకంలో ఒంటిగంటా ఇరవై అని ఉంది. చల్లపల్లి గొళ్ళెం నుంచి తొమ్మిది గంటలా పది నిమిషాలు. మావారికి అన్యాయం జరగకూడదు కనుక బెజవాడ ఆఫీసు గుమ్మం నుంచి కూడా లెక్కవేశాను. ఎనిమిదుంబావు నుంచి అయిదు గంటలా అయిదు నిమిషాలు. బస్సు ఎక్కితే ఆరున్నర గంటలు.

సమావేశం, తిరుగు ప్రయాణం

రొయ్య వాసనతో, బస్సులో నలిగిన చీరతో సంఘంలోకి వెళ్ళాను. నాకు అటూ ఇటూ రెండు కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. వాదించడానికి అంతకంటే వీలైన ఏర్పాటు లేదు. నోటుపుస్తకం బల్ల మీద పెట్టి నిమిషాలు చదివాను. అధ్యక్షులవారు కిటికీ తెరిపించి, చివరికి ఒక రాజీకి వచ్చారు. ముప్పావుగంట అలాగే ఉంటుంది, దాని పక్కన "గాలిలో" అన్న మాట చేరుతుంది. ఒక్క మాట కోసం ఇంత ప్రయాణమా అంటారేమో. పాఠ్యపుస్తకంలో ఒక్క మాట నిజం చేర్చడానికి ఎంత దూరం పోవాలో మీరు ఏ సంఘంలోనైనా కూర్చుని చూడండి.

రైలుకి ముందు ఇరానీ హోటల్లో నాంచారమ్మని కలుసుకున్నాను. అక్కడ టీ సాసరులో పోసుకుని తాగుతారు, బిస్కెట్టు సగం తీపి సగం ఉప్పు. మా వైపు ఏదైనా ఒకటే రుచి ఉంటుంది, అదీ కారం. సున్నుండలు నేను తీశాను, టీ ఆవిడ ఇప్పించింది. పిప్పరమెంటు కాగితాన్ని మడిచి రవికెలో దాచుకుంది, సాక్ష్యానికట, ఊళ్ళో నమ్మరని. చీర సంగతి ఎత్తింది. హోటలు వంటింట్లో ఉడికించి జాడించినా వాసన పోలేదని, కొత్తది తెస్తానని అంది. వద్దన్నాను, బాకీ కాదన్నాను, నా సలహాకి నేను కట్టుకున్న జరిమానా అన్నాను. రాత్రి రైలెక్కి పొద్దున్నే బెజవాడలో దిగాం. ఆవిడ నాగాయలంక బస్సు వైపుకి, నేను మా వీధి వైపుకి.

మావారు నిమిషాలన్నీ విని, "చల్లపల్లి నుంచి లెక్కపెట్టడం తొండి," అన్నారు. చిటిక మాత్రం వేయలేదు.

ఇది జరిగి రెండు నెలలు. గంపలు ఇప్పుడు ఒంటరిగా పోతున్నాయి, తడిగుడ్డ కప్పుకుని. మొన్న నాంచారమ్మ ఎవరిచేతనో కార్డు రాయించింది. తలలు తెల్లగానే చేరుతున్నాయట. కాని చైత్రం వచ్చేసింది, ఎండలు ముదురుతున్నాయి. తడిగుడ్డ వల్ల నిలుస్తున్నాయంటే వైశాఖంలో గుడ్డ దారిలోనే ఆరిపోతుంది. పైన చల్లదనం వల్ల నిలుస్తున్నాయంటే బెంగ లేదు. ఏది నిజమో పంతులమ్మగారైన నన్నే చెప్పమని రాయించింది.

మావారు తడిగుడ్డే అంటారు, కూజాలో నీళ్ళు చల్లబడ్డట్టు. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆవిడ రెండూ కావచ్చు అంటుంది, అది జవాబు కాదు. విమానాలవాళ్ళకి నేను రెండు ఉత్తరాలు రాశాను. మీ విమానం తోకలో, సామాను పెట్టేచోట, ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఎంత చలి ఉంటుందని. ముప్పావుగంట అని చెప్పడానికి అంత మంది ఉన్నారు కదా, ఇది చెప్పడానికి ఒక్కరూ లేరా? ఎండలు ముదిరేలోపల నాంచారమ్మకి ఏం రాయను, ఆకాశం ఎన్ని ఐసులని?